ఆలేరును నా వేలితో నేనే పైకి జరుపుకొనే వీలు కోరుతూ

మక్తల్,
తేది 11-07-2023.

నియామక అధికారి గారికి,
చేనుమాట రైతు సలహా ఫోన్ కేంద్రాల సంస్థ.

అయ్యా,

విషయం: ఉద్యోగ స్థలాల ఎంపిక యాప్‌లో వరుస మార్చే పని, ఫోన్‌లో చదివి వినిపించే సదుపాయానికి అందేలా చేయించుట గురించి.

వర్షిత, తండ్రి జానయ్య, మక్తల్ నివాసి అయిన నేను మనవి చేసుకొనునది ఏమనగా: నాకు పుట్టుకతో చూపు లేదు. మా ఇంట్లో బడికి పోయిన మొదటి మనిషిని. డిగ్రీ పూర్తి చేశాను. తమ సంస్థలో రైతుల ఫోన్లకు జవాబిచ్చే ఉద్యోగానికి ఎంపికయ్యాను. మేళ్లచెరువు, మక్తల్, ఆలేరు కేంద్రాలను నా ఇష్టం కొద్దీ వరుసగా పెట్టుకొమ్మని తమ యాప్ అడిగింది. నేను కోరేది ఆలేరు. యాప్‌లో అది అట్టడుగున ఉన్నది.

1. వరుస మార్చాలంటే ఊరి పేరు పక్కన ఉన్న మూడు గీతలను నొక్కి పట్టి పైకి లాగాలట. ఆ గీతలు ఉన్నాయన్న సంగతే నా ఫోన్ నాకు చెప్పదు. నేను తాకినదాన్ని చదవడం దాని పని. యాప్ దానికి తెలపనిది అది నాకు తెలపలేదు. నేను వేలు జరిపినప్పుడల్లా "మేళ్లచెరువు, మక్తల్, ఆలేరు" అని బస్సు కండక్టర్‌లా పిలిచి ఊరుకున్నది. ఏ ఊరూ కదలలేదు.

2. తమ సహాయ నంబరుకు ఫోన్ చేయగా నాగేందర్ గారు ఎంతో ఓపికగా మాట్లాడారు. గీతలు కనబడటం లేదని చెప్పితే, "జర మంచిగ చూడమ్మా, పచ్చగ ఉంటయి," అన్నారు. నా పరిస్థితి వివరించాను. "అయితే లేత పచ్చ," అన్నారు. చివరకు చూపున్న వారి సాయం తీసుకొమ్మన్నారు.

3. మా అమ్మ నర్సింగమ్మకు చూపు ఉన్నది, చదువు లేదు. నాకు చదువు ఉన్నది, చూపు లేదు. ఇద్దరం కలిస్తే తమ యాప్ కోరే ఒక పూర్తి మనిషి తయారవుతుందని ఆశపడ్డాము. చూపున్నవారిలా మామూలుగా లాగడానికి వీలుగా చదివే సదుపాయాన్ని ఆపి ఫోన్ అమ్మ చేతికిచ్చాను. ఆమె ఇల్లిల్లూ తిరిగి పాలు పోస్తుంది. తెర మీద మూత ఉన్న పాల క్యాను ఒకటి కనబడిందని సంతోషించి దానిని నొక్కింది. అది చెత్తబుట్ట బొమ్మ. నా వివరాలన్నీ తుడిచిపెట్టుకుపోయినవి. ఆ బొమ్మకు పేరు పెట్టి ఉంటే, సదుపాయం ఆపకముందే నా ఫోన్ నాకు చెప్పేది, నేను అమ్మను హెచ్చరించేదాన్ని.

4. మళ్లీ అన్నీ నింపి, అన్నిటికన్నా కింద ఉన్న ఆలేరును పైకి లాగమని అమ్మకు చెప్పాను. లాగిన అన్నది. పంపించాము. వచ్చిన మెసేజ్‌ను ఫోన్ చదివింది: "మొదటి స్థానం, మక్తల్." ఈ విషయమై అమ్మను విచారించగా, ఆమె ఇచ్చిన సంజాయిషీ ఉన్నది ఉన్నట్టుగా:

"గది బస్సు బోర్డు మీద రోజు చూసే పేరే. నాకు చదువొచ్చే అక్షరాలు అవ్వే. గందుకే గుంజిన. ఆలేరుల నీకెవలున్నరు బిడ్డా?"

"రైలున్నది," అన్నాను.

అయ్యా, ఆలేరులో రైలెక్కితే ఆదివారం సికింద్రాబాద్‌లో చూపులేనివారికి నేర్పే కంప్యూటర్ తరగతికి నేనే పోయి నేనే రాగలను. ఏ స్టేషన్ వచ్చిందో మైకులో చెప్తారు. మక్తల్‌లో నేను వీధి చివరకు పోయినా "ఎవలతోటి వచ్చినవ్?" అని అడుగుతారు.

5. వరుసను ఇంకొక్కసారి మాత్రమే, అదీ ఈ నెల 18వ తేదీలోగా మార్చుకోవచ్చునని యాప్ అంటున్నది. మా వీధిలో చూపున్న వేళ్లకు కొదవ లేదు. కానీ ప్రతి వేలికీ నా భవిష్యత్తు మీద ఒక అభిప్రాయం ఉన్నది. పక్కింటి గుర్వమ్మ గారికి మేళ్లచెరువు ఇష్టం. అక్కడి సిమెంటు ఫ్యాక్టరీలో ఆమె తమ్ముడున్నాడు.

కావున నేను కోరేది పెద్ద పని కాదు. ప్రతి ఊరి పేరుకూ "పైకి జరుపు", "కిందికి జరుపు" అనే పనులను నా ఫోన్‌కు తెలిసేలా పెట్టించండి. జరిపిన తరువాత "ఆలేరు, మొదటి స్థానం" అని దానిచేత చెప్పించండి. బొమ్మలకు పేర్లు పెట్టించండి. నా ఫోన్‌లో అలారం యాప్ ఇవన్నీ చేస్తున్నది. దానికి నియామక అధికారి కూడా లేరు. 18వ తేదీలోగా కుదరకపోతే, ఈ కాగితం మీది వరుసనే నా మాటగా తీసుకోండి: ఆలేరు, మక్తల్, మేళ్లచెరువు.

అమ్మ మీద ఎలాంటి చర్యా తీసుకోవద్దని, నా మనవిని మాత్రం దయతో చిత్తగించవలెనని ప్రార్థిస్తూ,

తమ విధేయురాలు,
వర్షిత

తా.క.: పంపే ముందు ఇదంతా ఫోన్‌చేత అమ్మకు చదివి వినిపించాను. పాల క్యాను సంగతి తీసెయ్యమన్నది. తీయలేదు. అమ్మ లేచిపోయింది. గిన్నెలు కడిగివచ్చి, "గా ఆలేరు టేషన్ల మెట్లెన్ని ఉన్నయో సారును అడుగు," అన్నది. తమరికి ఆ శ్రమ వద్దు. మెట్లు నేను లెక్కపెట్టుకుంటాను, తమరు వరుస సరిచేయించండి.