మూడేళ్ల నాటి టేపు

భిలాయి,
12-2-1965

పోలయ్య మావయ్యకి,

జ్వరం తగ్గిందా? నువ్వు రాలేదని నిన్న మన బ్యాలేకి, మూడేళ్ల కిందట ఇక్కడే నువ్వు మృదంగం వాయించిన టేపు పెట్టారు. రెండో రంగం నుంచే నా అడుగు వెనకబడింది. జనానికి తెలియలేదు, చప్పట్లు కొట్టారు. తెర పడగానే, మిషన్ తొందరగా తిరిగిందని, దాన్ని నడిపిన స్టీలు ప్లాంటు రష్యా ఇంజినీరుగారితో దెబ్బలాడాను. ఆయన గడియారం పట్టుకుని ఆ రంగం టేపు మళ్లీ పెట్టారు. డబ్బా మీద రాసిన పన్నెండు నిమిషాలకే సరిగ్గా అయిపోయింది.

తప్పితే తిట్టమని నీచేత ఒట్టేయించుకున్నాను. "ఈయేల ఒక్కడుగూ తప్పలేదే అమ్మీ" అంటూనే నా మోకాలి నొప్పి చూసి ఈ మూడేళ్లూ లయ తగ్గిస్తూ వచ్చావా?

ట్రూపువాళ్లతో గజ్జెలు పంపుతున్నాను. నేను రాను. కొత్తగా చేరిన కుముదినికి ఇవ్వు. దానికోసం మాత్రం తగ్గించకు.

నీ మేనకోడలు