బోరులో ఇరుక్కున్న హ్యామరు

హిందూపురం, 1985 మే, శుక్రవారం రాత్రి

పరిగి దగ్గర గంగన్న బోరులో నీళ్లు పడిన గంటకే రాడ్డు విరిగి, రాయి తొలిచే హ్యామరు అడుగున ఉండిపోయింది. విరిగిన కొస ఎలా ఉందో తెలియాలని మొన్న గంగన్న భార్యను బట్టల సబ్బు అడిగాను. "నీళ్లొస్తేనే కదప్పా సబ్బుతో పని, తీసుకో" అంది. దాన్ని గొట్టం మూతిలో దట్టించి దించితే అచ్చు చక్కగా పడింది. ఆ కొలతకే లారీ కమాను పట్టీ కోసి, రాడ్డును పట్టుకునే పళ్లు చేశాను.

ఈ రోజు పట్టుకున్నాయి. నలభై అడుగులు లేచాక టపుక్కున విరిగి, హ్యామరుతో పాటు అవీ అడుగుకు పడ్డాయి. కాల్చిన పళ్లను నూనెలో ముంచాలని కొలిమి దగ్గర నాయన ఎన్నిసార్లు చెప్పాడో! ఆత్రంలో నీళ్లలో ముంచాను, పెళుసెక్కాయి.

"రేపు సాయంత్రానికల్లా హ్యామరు రాకపోతే పూడ్చేసి ధర్మవరం పోతాం" అన్నాడు బోరు వేసే బండి మేస్త్రీ.

"నీళ్లుండాయని తెలిసీ ఎట్ల పూడ్చేదప్పా?" గంగన్న నన్నే అడిగాడు. తప్పు నాదని చెప్పకుండా, ఇంకో జత పళ్లు చేస్తానన్నాను.

పళ్లు ఎలా పడ్డాయో తెలియాలంటే తెల్లవారగానే మళ్లీ అచ్చు తీయాలి. ఆ తల్లిని ఇంకో సబ్బు ఏ ముఖం పెట్టుకుని అడగను?