తాత పాత పేరు

సీతారామపురం,
9-8-1952.

ప్రభువునందు ప్రియమైన అక్క ఆనందమ్మకు తమ్ముడు రాజమోహన్ వందనాలు. ఇక్కడ మిగిలినవాళ్లం కులాసా. బావగారికీ పిల్లలకూ అక్కడ ఆరోగ్యం బాగుందని తలుస్తాను.

అవ్వ పోయిన సంగతి తంతి ఇచ్చాను. అది ఆత్మకూరు చేరేసరికే సమాధి కూడా అయిపోయింది. నువ్వు రాలేకపోయినందుకు ఎవరూ ఏమీ అనుకోలేదు. వానకు రోడ్డు తెగి బస్సే లేదు.

కొత్త బైబిలు మొదటి పేజీలో రాయడానికి తాత పాత పేరు కనుక్కోమని మే నెలలో రాశావు. బడి లేని రోజుల్లో అదే పనిగా తిరిగాను. ఉదయగిరి చర్చి రిజిస్టరు చూశాను. పేతురు, వయసు సుమారు ఇరవై, కూలి. పక్కన బాప్తిస్మం తేదీ. ఇంకో పుస్తకంలో పెళ్లి. మరో దాంట్లో జ్వరంతో మరణం. మనిషి మొత్తానికి మూడు వరుసలు. అంతకుముందు ఆయన్ని ఏమని పిలిచేవారో ఎక్కడా లేదు.

ఆ పేరు బైబిలుకే కాదు, చేనుకూ కావలసి వచ్చింది. వంక పక్కన మనం దున్నుతున్న రెండెకరాలు పాత లెక్కల్లో ఎవరి పేరున ఉన్నాయో ఆయనే మన తాత అని తేలాలి. లేకపోతే ఆ చేను మనది కాదు. కరణం నారాయణయ్యగారిని అడిగితే, పుస్తకం మీద అరచెయ్యి అడ్డం పెట్టి, పేరు నువ్వు చెప్పయ్యా అయ్యవారూ, నేను చెప్తే నువ్వు అవునంటావు, అదేం సాక్ష్యం అన్నాడు. ఆయన తప్పేమీ లేదు. మీ అవ్వ చెప్పినట్టు రాసి వేలిముద్ర వేయించి తీసుకురా, పట్టాలు రాసే ఆఫీసరు సోమవారం దుత్తలూరు నుంచి వెళ్లిపోతాడు అన్నాడు.

ఆ పేరు తెలిసిన మనిషి అవ్వ ఒక్కతే. మొగుడి పేరు ఆమె నోట ఎప్పుడైనా విన్నామా? జబ్బుపడి ఉన్న ఆమె మంచం పక్కన కూచుని అడిగాను. ఏందిరా ఈ గోల, మొగుని పేరు ఎత్తుతారా ఎవురైనా అంది. తాత పోయి ముప్పై ఏళ్లయింది, ఇప్పుడు ఎత్తితే ఏమవుతుంది అన్నాను. ఆయన పోయినాడు, నేను పోలేదు గదరా అని నవ్వింది. చేను పోతుందని చెప్పాను. బాప్తిస్మానికి ఏట్లో మునిగినప్పుడే ఆ పేరు వదిలేసినాడు, దాన్ని మళ్లా నేను ఏరుకొచ్చేదా, చదువుకున్నోడివి, నువ్వే చూసుకో అని గోడవైపు తిరిగింది.

ఆదివారం సాయంత్రం చెప్పింది. మాల్యాద్రి. కాగితం రాసి వేలిముద్ర వేయించాను. కరణంగారి పుస్తకంలోనూ అదే పేరు. చేను మనకు నిలిచింది. సోమవారం మధ్యాహ్నం అవ్వ పోయింది.

సమాధి మీద రాయి పంటలయ్యాక పెట్టిద్దాం. పిల్లలకు నా దీవెనలు.

ఇట్లు,
నీ తమ్ముడు
రాజమోహన్

మరొక మాట: ఈ ఉత్తరం రెండు రోజులుగా అంటించకుండా ఉంచాను. అవ్వ చెప్పలేదక్కా. గోడవైపు తిరిగాక మళ్లీ మాట్లాడనేలేదు. ఆ పేరు కరణంగారి వేళ్ల సందున తలకిందులుగా చదివాను. అది తాతదో, అంతకుముందు ఆ చేను దున్నిన ఇంకెవరిదో నాకు తెలియదు. చెప్పేవాళ్లూ ఇక లేరు. ఆమె బొటనవేలు నేనే పట్టుకుని సిరా పూశాను. ఒంటి మీద తెలివి లేదనుకున్నాను గాని, కాగితానికి ఆనించేటప్పుడు వేలు ముడుచుకుంది. ఆఫీసరు కాగితంలో ఆ పేరు ఎట్లాగూ ఉండిపోతుంది. నువ్వు బైబిలులో మాత్రం రాయవద్దు.