బడి గోడ మీది పోస్టరు

స్రవంతి మేడంకు నమస్కారం.

మీ సంస్థ ఇచ్చిన కుట్టుమిషన్ బాగా నడుస్తోంది. మా కథ చదివితే ఇంకొందరికి సాయం అందుతుందన్నారు, నేనూ సరేనన్నాను. కానీ ఆ పోస్టరు మా పాలకుర్తి బడి గోడకే అంటిస్తారనుకోలేదు. అందులో ఉన్నట్టు మా ఆయన పురుగుల మందు తాగిన మాట నిజమే. నా బిడ్డ నిత్యకు మాత్రం వాళ్ల నాయినను పాము కరిచిందని చెప్పాను. దానికి ఇప్పుడిప్పుడే చదవడం వస్తోంది. బడి నుంచి వచ్చేదాకా మిషన్ ఆపి వాకిట్లోనే నిలబడుతున్నాను. నా ఫొటో ఉంచుకోండి, ఆ ఒక్క మాట తీసేయండి. జర జల్దీ రండి మేడం.

నిన్న నిత్య బడి నుంచి వచ్చి, "అమ్మా, గా పోస్టర్ల నాయిన పేరు చదివిన. పక్కన పురుగుల అని గూడ చదివిన. అటెన్క ఉన్న మాట రేపు సారునడుగుత" అన్నది.