కూత వెయ్యని కుక్కర్

ఏమండీ, నమస్కారాలు. నేను కులాసాగానే ఉన్నాను. ఈ వయసులో చదువు పెట్టుకున్నానని చిక్కిపోలేదు, బెంగపెట్టుకోకండి.

మా కథారచన ఎమ్మే క్లాసులో నిన్న నా కథ వంతు వచ్చింది. ఇక్కడో కట్టుబాటు ఉంది. తక్కినవాళ్లు కథని చీల్చి చెండాడుతున్నంతసేపూ రాసినవాళ్లు నోరు మెదపకూడదు. నా నోటి సంగతి మీకు తెలుసు కదా! పంటి బిగువున కూర్చున్నాను. కథ మనదే. భార్య రాసుకుంటుంటే ధ్యాస చెదురుతుందని, కుక్కర్ ఒక్క కూతైనా వెయ్యకముందే స్టవ్ కట్టేసి, ఆ పలుకు అన్నమే కిక్కురుమనకుండా తినే మొగుడి కథ.

మన అమ్మాయి ఈడు పిల్ల ఒకతె లేచి, "భాష బాగుంది ఆంటీ, కానీ ఇలాంటి మొగుడు ఎక్కడుంటాడు? కాస్త నమ్మేలా రాయాల్సింది" అంది. అందరూ తలలూపారు. ఆఖరికి మేష్టారు, "ఇప్పుడు మీరు మాట్లాడొచ్చమ్మా" అన్నారు.

లేచి నిలబడి, "నేను తగ్గించే రాశాను" అన్నాను.

మేష్టారు ఆ కథని మా విభాగం పత్రికకి తీసుకున్నారు. మీ ఇంటిపేరుతోనే అచ్చవుతుంది.

బీపీ మాత్రలు వేసుకుంటున్నారా? వంటింటి కుళాయి కారడం ఆగిందా? నా గోధుమరంగు శాలువా బీరువా పై అరలో ఉంది, పంపండి. అమ్మాయికీ అల్లుడికీ నా ఆశీస్సులు.

అన్నట్టు, ఇప్పుడు నేను ఇంట్లో లేనుగా. ఆ కుక్కర్‌ని మూడు కూతలూ నోరారా వెయ్యనిచ్చి, మెత్తటి అన్నం తినండి.

మీ ఆవిడ