ఆకు పడని చెరువు

అయ్యా,

కుళాయిల్లో ఎర్రనీళ్ళు ఎందుకొస్తున్నాయో మూడు రోజుల్లో సంజాయిషీ ఇమ్మని తాఖీదు పంపారు. ఇరవై రెండేళ్ళుగా ఊరి మంచినీళ్ళు వడగట్టేవాణ్ణి, నాకు మూడు రోజులు అక్కర్లేదు.

ఈ వేసవిలో తమరు మంచినీళ్ళ చెరువు చూడ్డానికి వచ్చి, నీళ్ళమీద నాలుగు ఎండుటాకులు చూసి ముక్కు మూసుకున్నారు. "ఈ చెత్తంతా జనం తాగాలా? పక్క కొండమీద చెట్లన్నీ కొట్టేయించండి" అన్నారు.

"ఆ వేళ్ళే మట్టిని పట్టుకుని ఉన్నాయండీ" అన్నాను.

"నీ పని నువ్వు చూసుకో" అన్నారు.

చూసుకున్నాను. కొండకు నున్నగా గుండు చేయించారు. దాని ముందు నిలబడి ఫొటో కూడా దిగారు.

మొన్న మొదటి వానకే ఆ కొండమీది ఎర్రమట్టి అంతా చెరువులోకి దిగింది. వడపోత ఇసుకను గంటకోసారి కడుగుతున్నా బురద ఆగడం లేదు. మా మనవరాలికి పాలు కలిపేది కూడా ఆ నీళ్ళతోనే.

తమరు సంతోషించాల్సిన సంగతి ఒకటుంది. ఇప్పుడు చెరువులో ఒక్క ఆకు కూడా లేదు.

ఆకులు తీయడానికి నా దగ్గర చిన్న వల ఉండేది. కొండను తీసే వల తమ ఆఫీసులో ఉంటే వెంటనే పంపించండి.

ఇట్లు,
తన పని తాను చూసుకుంటున్న
నీళ్ళు వడగట్టేవాడు