నలభై ఏడో నంబరు బురద

సెప్టెంబర్ 4, గురువారం

గొర్రెలామె మందలో ఇవాళ ఇంకో రెండు పోయాయి. మొత్తం తొమ్మిది. మూతులు వాచిపోయి, చొంగ కారుతూ, నిలబడే ఓపిక లేక కూలబడిపోయాయి. పశువుల డాక్టరు పోయినవారమే రక్తం తీసి పంపాడు. నీలినాలుక జబ్బే, అనుమానం లేదు.

ఆమె మంద తమ దారిన నడిస్తే తమ జీవాలకూ అంటుకుంటుందని చుట్టుపక్కలవాళ్లు రోడ్డు మలుపులోనే అడ్డం నిలబడుతున్నారట. అది ఒకదాన్నుంచి ఇంకోదానికి తగిలితే వచ్చే జబ్బు కాదు, నుసుము కుట్టాలి, అని గొంతు చించుకుని చెప్పినా వినే నాథుడు లేడు. నుసుమంటే దోమే కదా అంటారు. దీని పక్కన దోమ ఏనుగు. ఆవగింజలో సగం ఉంటుంది, దోమతెరలోంచి దర్జాగా దూరిపోతుంది. అది పెరిగేది నీళ్లలో కాదు, నీళ్ల ఒడ్డున తడి ఆరని బురదలో, అందులో పేడ కలిస్తే మరీ సుఖంగా.

పదకొండేళ్లుగా నా ఉద్యోగం ఆ బురద తవ్వడమే. జీవాల జబ్బుల ఆఫీసులో ల్యాబ్ టెక్నీషియన్ని.

సెప్టెంబర్ 5, శుక్రవారం, ఉదయం 11

రిపోర్టు టైపై వచ్చింది. పురుగు పుట్టిన చోటు: గొర్రెలామె దొడ్డి. ఆధారం: శాంపిల్ నంబర్ 47.

రెండుసార్లు చదివాను. నలభై ఏడు నేను తీసిందే. దొడ్డిలో తియ్యలేదు.

అదే రోజు, మధ్యాహ్నం 3

రిజిస్టర్ తెచ్చి చూశాను. నా రాతే, గొర్రెలామె మంద నంబరే.

నలభై ఏడు మా ఆఫీసు వెనక గోడ అవతల తీసింది. ట్యాంకు పొంగి వచ్చే పైపూ, టెస్టులకు తెచ్చిన పశువుల్ని కడిగే షెడ్డు కాలవా అక్కడే కలుస్తాయి. ఎండాకాలంలో కూడా తడి ఆరదు. నల్లగా, జిగటగా, కంపు కొడుతూ పది అడుగుల మేర బురద. పై పొర నుంచి ఒక కప్పు తీసుకొచ్చి ఉప్పునీళ్లలో వేస్తే నుసుము పురుగులు పైకి తేలాయి. తెల్లటి దారప్పోగుల్లాంటివి, పాముల్లా మెలికలు తిరుగుతూ. నూట ఎనభై ఆరు. నా సర్వీసులో ఒక్క కప్పులో అన్ని చూడలేదు.

మరి దొడ్డి పేరు ఎందుకు రాశాను? ఎందుకంటే మంద నంబరు వెయ్యకపోతే కంప్యూటర్ తర్వాతి పేజీకి పోదు. మా ఆఫీసుకు మంద లేదు, నంబరూ లేదు. కాబట్టి ఖాళీ స్థలమో, రోడ్డు పక్క కాలవో, మా గోడో అయితే దగ్గర్లో ఉన్న మంద నంబరు వేసి, రిజిస్టర్లోనూ అదే రాసేస్తాం. నాకు ముందున్నాయన నాకు నేర్పాడు, నేను కొత్తగా వచ్చినవాళ్లకు నేర్పాను. గోడకు దగ్గర్లో ఉన్నది గొర్రెలామె దొడ్డి. నలభై అడుగులు. ఒక చేత్తో టీ తాగుతూ రెండో చేత్తో ఆమె నంబరు వేసి ఉంటాను. అంత తేలిగ్గా.

సిగ్గుతో చచ్చిపోతున్నాను. కోపం కూడా వస్తోంది, ముందు నా మీదే.

రాత్రి భోజనాల దగ్గర చెప్పాను. మా ఆయన ఫోన్లోంచి తల ఎత్తకుండా, అందరూ చేసేదే కదా, నువ్వొక్కదానివే మోస్తావా అన్నాడు. అత్తగారు మాత్రం కంచం పక్కకు జరిపి, అడుసు తొక్కనేల కాలు కడగనేల అని ఊరికే అన్నారా, తొక్కావుగా, ఇక కడుక్కో అంది. ఈ ఇంట్లో నా ఉద్యోగం గురించి మొదటిసారి పనికొచ్చే మాట అన్నది ఆవిడే.

సెప్టెంబర్ 9, మంగళవారం

ఆఫీసరు గదిలో నలభై నిమిషాలు నిలబడ్డాను. కూర్చోమనలేదు.

ఈయన నిరుడు దోమల శాఖ నుంచి వచ్చాడు. ఇప్పటికీ నిలవ నీళ్లు కనబడితే మందు కొట్టమంటాడు. పోయినవారం గొర్రెలామె నీళ్ల తొట్టిలో కొట్టించబోతే డాక్టరు చెయ్యి అడ్డం పెట్టాడు.

జరిగింది జరిగినట్టు చెప్పాను. అంతా విని, ఈ ఒక్కటి తప్పని ఒప్పుకుంటే పదకొండేళ్ల శాంపిళ్లన్నీ అనుమానమే కదమ్మా అన్నాడు. అవును సార్ అన్నాను. ఆ జవాబు ఆయనకు నచ్చలేదు. మన గోడ వెనకాలే పురుగు పుడుతోందని మనమే రాసి పైకి పంపితే మన నెత్తిన మనమే నిప్పులు పోసుకున్నట్టు కాదా అన్నాడు. ఆ పైపు సంగతి మూడేళ్లలో నాలుగు ఉత్తరాలు రాశానన్నాను. పైపులు మన పరిధి కాదన్నాడు. ఆమె దొడ్డి మన పరిధి ఎలా అయిందో మరి.

నిజం తెలిశాక కూడా మనిషి రిపోర్టు మీద సంతకం చేసి అంత నిమ్మళంగా పెన్ను మూత పెట్టగలడని నాకు తెలియదు.

సెప్టెంబర్ 12, శుక్రవారం

దొడ్డికి వెళ్లాను. ముందే వెళ్లాల్సింది. మొహం చెల్లలేదు.

దొడ్డి మెరక మీద ఉంది. నేల గట్టిగా, పొడిగా, చీపురు గీతలు ఇంకా కనబడుతూ. నీళ్ల తొట్టి కింద రాళ్లు పరిచింది, చుక్క నిలవదు. మూడు చోట్ల మట్టి తీశాను, తొట్టి పక్కన, గేటు దగ్గర, పెంట పోగు అడుగున. మూడింట్లోనూ సున్నా. ఇది ముందే ఎవరైనా చేసి ఉంటే సరిపోయేది. ఎవరైనా అంటే నేనే.

ఆమెకు మొత్తం చెప్పాను. అరుస్తుందనుకున్నాను. అరిస్తే బాగుండేది. పీట తెచ్చి వేసి, ఆ బురద మీద నా పేరు ఎవరు రాశారమ్మా అని అడిగింది. నేనే అన్నాను. గొర్రెల వైపు తిరిగి, అయితే చెరిపెయ్యి అంది.

ఇరవై రెండో తారీకున దొడ్డి తీసేస్తారట. పై మట్టి చెక్కేసి, రెండేళ్లు అక్కడ మంద కట్టకూడదట. యాభై మూడు గొర్రెలు మిగిలాయి. వాటిని ఎక్కడికి తోలినా జనం రానివ్వరు. రోగం గొర్రెలు కదా.

సెప్టెంబర్ 13, శనివారం

చెరపడానికి వీల్లేదట. రిజిస్టర్లో కొట్టివేతలు ఉండకూడదని రూలు.

సెప్టెంబర్ 16, మంగళవారం

చెరపకూడదంటే సరే, పక్కన పెట్టడానికి కొత్త కాగితం రాశాను. శాంపిల్ 47 తీసిన చోటు, తేదీ, గోడ నుంచి ఎన్ని అడుగులు, దొడ్డిలో తీసిన మూడు సున్నాలు, తప్పు నాదేనని, కింద సంతకం. ఇన్‌వార్డ్‌లో ఇచ్చి స్టాంపు వేయించుకున్నాను. సాయంత్రం అడిగితే పరిశీలనలో ఉందన్నారు. పరిశీలించేది ఎవరంటే ఆఫీసరు. ఆఫీసరు లీవులో ఉన్నాడు.

గోడ వెనక బురద పోయినవారమే రెండు ట్రేల్లో తెచ్చి, పైన వల కట్టి ల్యాబు కిటికీ దగ్గర పెట్టాను. రెక్కలొచ్చిన నుసుములు వెలుతురు వైపు ఎగిరి సీసాలో పడుతున్నాయి. మైక్రోస్కోప్ కింద రెక్కల మీద మచ్చలు చూశాను. గొర్రెల్ని కుట్టే జాతే. ప్యూను కూడా చూస్తానని వంగి చూశాడు. ఇన్నాళ్లూ సాయంత్రం వరండాలో తన చెవులు కొరుకుతున్నవి ఇవేనా అని వాటిని బూతులు తిట్టాడు. తిట్టాల్సింది వాటిని కాదు. తడి దొరికింది, గుడ్లు పెట్టాయి. తడి ఇచ్చింది మేము.

మా ఆయన మళ్లీ మొదలుపెట్టాడు. ఉద్యోగం పోతే గొర్రెలామె వచ్చి వండి పెడుతుందా అని. ఒళ్లు మండిపోయి, వండేది ఎలాగూ నేనే కదా అన్నాను. అత్తగారు పక్కగదిలోంచి నవ్వింది.

సెప్టెంబర్ 19, శుక్రవారం

దొడ్డి తీసే ఆర్డరు కాపీ వచ్చింది. నా కాగితం ప్రస్తావన ఎక్కడా లేదు. ఆఫీసరు లీవులో ఇంటినుంచే సంతకం పెట్టి పంపాడట. చదివి పెట్టాడని ఎవరూ నమ్మరు, చదివి పెట్టే అలవాటు ఆయనకు లేదు. ఆ ఆర్డరు చించి పారేద్దామన్నంత కోపం వచ్చింది. చించకపోవడమే మంచిదైంది.

మూడో పేజీ చివర్లో ఉంది. నిర్మూలించాల్సింది శాంపిల్ 47 తీసిన చోటు. శాంపిల్ తీసిన ఉద్యోగి స్వయంగా హాజరై ఆ చోటు చూపించాలి. ఆ ఉద్యోగి చూపించిన చోటే పని జరగాలి.

నాలుగుసార్లు చదివాను. దొడ్డి అన్న మాట సబ్జెక్టులో ఉంది గానీ పనిలో లేదు.

ఎవరికీ చెప్పలేదు. అత్తగారికి కూడా.

సెప్టెంబర్ 22, సోమవారం, ఉదయం 6

నిద్ర లేదు. భయంగా ఉంది. భయం లేదని రాసుకుంటే అబద్ధం. పదకొండేళ్లలో ఒక్క మెమో లేదు నాకు. ఆ పేరు కాపాడుకోవడానికే కదా అన్నిటికీ తల ఊపింది.

అదే రోజు, సాయంత్రం 5

తవ్వే మిషను తొమ్మిదింటికి వచ్చింది. డ్రైవరు, ఇద్దరు కూలీలు. మా ఆఫీసు తరఫున నేనొక్కదాన్నే, ఆఫీసరుకు ఏదో మీటింగు. గొర్రెలామె మందను దొడ్డిలోనే ఉంచి గేటుకు అడ్డంగా నిలబడింది. మలుపు దగ్గర జనం మూగారు, వేడుక చూడ్డానికి.

డ్రైవరు మిషను దొడ్డి వైపు తిప్పాడు. ఇటు కాదు అన్నాను. గోడ వెనక్కి తీసుకెళ్లి బురద మధ్యలో కర్ర గుచ్చాను. ఇది మీ ఆఫీసు పైపు కదమ్మా అన్నాడు. ఆర్డరు మూడో పేజీ చూపించాను. వేలు పెట్టి ఒక్కో మాటా చదువుకున్నాడు. శాంపిల్ తీసింది మీరేనా అన్నాడు. నేనే అన్నాను. ఇక్కడేనా అన్నాడు. ఇక్కడే అన్నాను. నాకు కాగితం చాలు, మీరు సంతకం పెట్టండి అన్నాడు. పెట్టాను.

మొదటి దెబ్బకే పైపు విరిగింది. నీళ్లు ఎగజిమ్మాయి. కూలీలు ట్యాంకు వాల్వు కట్టేసి, బురదంతా ఎత్తి, గొయ్యిలో కంకర నింపి, షెడ్డు నీళ్లు మురుగు కాలవలోకి పోయేలా వాలు తీశారు. మధ్యాహ్నానికి పూర్తయింది. మూడేళ్లు, నాలుగు ఉత్తరాలు. పట్టింది నాలుగు గంటలు! ఎవర్ని పట్టుకుని కొట్టాలి?

గొర్రెలామె మొత్తం చూసింది. నవ్వలేదు, దండం పెట్టలేదు. ఇదే ముందు చేసుంటే తొమ్మిదీ బతికేవి కదమ్మా అంది.

సెప్టెంబర్ 23, మంగళవారం

ఆఫీసులో నీళ్లు లేవు. మెమో వచ్చింది. ప్రభుత్వ ఆస్తి ధ్వంసం, మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలట.

ఇప్పుడే ఇచ్చేశాను. ఒక్క వాక్యం: చోటు అడిగారు, చూపించాను.